నడిసంద్రానికి పాత పడవ

2023 ఏప్రిల్ 27న ఫ్రాన్స్ పశ్చిమ తీరంలోని లే సాబ్ల్ దొలోన్ రేవుకు మిన్నెహాహా అనే తెరచాప పడవ చేరింది. దాన్ని నడిపిన దక్షిణాఫ్రికా నావికురాలు కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ 235 రోజుల పాటు ఒంటరిగా, ఏ రేవులోనూ ఆగకుండా భూగోళాన్ని చుట్టి వచ్చారు. ఏప్రిల్ 29న అదే రేవుకు బయానత్ అనే మరో పడవ చేరింది. అందులో ఉన్నది మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ. ఆయనకు 236 రోజులు పట్టింది. రెండు పడవలూ పాతకాలపు డిజైన్లే. ఆ పోటీకి పాత పడవలే కావాలి మరి.

దాని పేరు గోల్డెన్ గ్లోబ్ రేస్. పడవ పొడవు 32 నుంచి 36 అడుగుల మధ్య ఉండాలి. డిజైన్ 1988కి ముందుదై ఉండాలి, ఆ డిజైన్‌లో కనీసం 20 పడవలు తయారై ఉండాలి. పడవ అడుగున నీటిలోకి దిగే కీల్ ముందునుంచి వెనక దాకా పొడవుగా సాగాలి, చుక్కాని ఆ కీల్ వెనక అంచుకే బిగించి ఉండాలి. దారి వెతుక్కోవడానికి జీపీఎస్ వాడకూడదు, సెక్‌స్టెంట్‌తో సూర్యుణ్ణి, నక్షత్రాలను కొలుచుకోవాలి. 1968 జూన్ నుంచి 1969 ఏప్రిల్ దాకా 312 రోజుల్లో, ఒంటరిగా ఎక్కడా ఆగకుండా మొట్టమొదటిసారి భూగోళాన్ని చుట్టిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ కాలపు పరిస్థితులనే మళ్లీ కల్పించాలన్నది నిర్వాహకుల ఉద్దేశం. దాంతో ఈ పోటీకి పేరిచ్చినవాళ్లలో దాదాపు అందరూ ముందు సెకండ్‌హ్యాండ్ పడవల మధ్య నిలబడి ఏది కొనాలో తేల్చుకోవాల్సి వస్తుంది. ఉద్యోగ విరమణ డబ్బుతో పసిఫిక్ దాటాలనుకునే దంపతులు ఎదుర్కొనే ప్రశ్న కూడా ఇదే. దీని వెనక భౌతికశాస్త్రం ఉంది, రసాయనశాస్త్రం ఉంది, లోహాల అలసట ఉంది.

మొదట ఆ రెండు పడవలనే పక్కపక్కన పెట్టి చూద్దాం. మిన్నెహాహా కేప్ జార్జ్ 36 రకం, బయానత్ రస్లర్ 36 రకం. పేర్లలో రెండింటికీ 36 ఉన్నా నీటిలో అవి ఒకటి కావు. పడవ ఎంత పొడవున నీటిని తాకుతుందో దాన్ని నీటిగీత పొడవు అందాం. రస్లర్‌కు అది సుమారు 27 అడుగులు. దాని ముక్కు, తోక నీటి మీదికి ఒయ్యారంగా చాచుకుని ఉంటాయి. కేప్ జార్జ్ ముక్కు దాదాపు నిటారుగా నీటిలోకి దిగుతుంది కాబట్టి దాని నీటిగీత 31.5 అడుగులు.

ఈ నాలుగున్నర అడుగులు ఎందుకంత ముఖ్యం? నీటి మీద అల వేగం దాని పొడవును బట్టి ఉంటుంది. ఒక శిఖరానికీ ఇంకో శిఖరానికీ మధ్య దూరం పెరిగేకొద్దీ అల వేగంగా పరుగెడుతుంది. కదిలే పడవ తన ముక్కు దగ్గర ఒక అలను లేపుతుంది. పడవ వేగం పెరిగితే దానితో సమానంగా పరుగెత్తడానికి ఆ అల కూడా సాగుతుంది. చివరికి ఒక శిఖరం ముక్కు దగ్గర, రెండోది తోక దగ్గర నిలిచే స్థితి వస్తుంది. ఇంకాస్త వేగం పెంచితే తోక పల్లంలోకి జారి, పడవ తను లేపిన అలను తనే ఎక్కాల్సి వస్తుంది. బరువైన పడవకు అంత శక్తి ఉండదు. ఈ హద్దును లెక్కగట్టే సూత్రం తేలిక: అడుగుల్లో నీటిగీత పొడవుకు వర్గమూలం తీసి 1.34తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. రస్లర్‌కు దాదాపు 7 నాట్లు, అంటే గంటకు 13 కిలోమీటర్లు. కేప్ జార్జ్‌కు 7.5 నాట్లు.

కాగితం మీద ఇది రోజుకు 13 నాటికల్ మైళ్ల ఆధిక్యం. 235 రోజులకు మూడువేల మైళ్లు దాటాలి. నిజంగా తేలిన తేడా రెండు రోజులు కూడా లేదు. సుమారు 30,000 మైళ్ల దారిని 236 రోజులతో భాగిస్తే సగటు వేగం ఐదు నాట్ల పైచిలుకే వస్తుంది. ఆ ఏడు నాట్ల హద్దును ఏ పడవైనా తాకేది మంచి గాలి ఉన్న రోజుల్లోనే. మిగతా కాలమంతా గాలి పడిపోవడం, ఎదురుగాలి, విరిగిన భాగాల మరమ్మతు. బయానత్‌లో గాలి సాయంతో పనిచేసే స్టీరింగ్ యంత్రం విరిగితే టోమీ పడవలో ఉన్న సామానుతోనే దాన్ని బాగుచేసుకుంటూ వచ్చారు. మిన్నెహాహా దారి మళ్లి, మునిగిన పోటీ పడవలోని నావికుణ్ణి రక్షించింది. కాబట్టి డిజైన్ సంఖ్యలను అవి ఎంత చెప్పగలవో అంతవరకే నమ్మాలి. పడవ కొనేవాళ్లు ఈ విషయంలోనే ఎక్కువగా దెబ్బ తింటారని నా అభిప్రాయం.

బరువు సంగతీ చిత్రమే. రస్లర్ 36 బరువు సుమారు 7.6 టన్నులు, కేప్ జార్జ్ 36 బరువు 10.6 టన్నులు. మూడు టన్నులు ఎక్కువున్నది మందకొడిగా ఉండాలి కదా? కానీ పడవల్లో బరువును ఎప్పుడూ నీటిగీత పొడవుతో కలిపి చూస్తారు. ఆ నిష్పత్తి రస్లర్‌కు దాదాపు 385 అయితే కేప్ జార్జ్‌కు 334. తన పొడవుకు తగిన బరువు అన్న లెక్కలో మూడు టన్నులు ఎక్కువున్న పడవే తేలికైనది! అదే లెక్కలో 1970ల నాటి వెస్ట్‌సెయిల్ 32 దాదాపు 420 దగ్గర ఉంటుంది. రాబర్ట్ పెర్రీ గీసిన వాలియంట్ 40 సుమారు 256. సముద్రం దాటే పడవంటే బండలా ఉండాలన్న నమ్మకాన్ని బద్దలు కొట్టింది ఆ వాలియంటే.

అయితే సముద్రానికి వెళ్లేవాళ్లు మొదట అడిగేది వేగం గురించి కాదు. బోల్తా పడితే లేస్తుందా అని అడుగుతారు. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నడిపే చిన్న లేజర్ పడవ పక్కకు పడితే, నడిపేవాళ్లే దాని అడుగు పలక మీదికెక్కి తమ బరువుతో లేపుతారు. నడిసంద్రంలో పదిటన్నుల పడవకు ఆ పని చేసిపెట్టాల్సింది కీల్‌లో ఉండే సీసం లేదా ఇనుము. పడవ ఒరిగినప్పుడు కింద ఉన్న ఆ బరువు దాన్ని వెనక్కి లాగుతుంది. ఒరుగుతూ ఒరుగుతూ ఏదో ఒక కోణం దగ్గర ఆ లాగుడు సున్నా అవుతుంది. అది దాటితే పడవ తలకిందులుగా స్థిరపడుతుంది. ఆ కోణం ఎంత పెద్దదైతే అంత మంచిది.

ఈ కోణం విలువ ప్రపంచానికి తెలిసింది 1979 ఆగస్టులో. ఇంగ్లండ్ దక్షిణ తీరం నుంచి ఐర్లండ్ దగ్గరి ఫాస్ట్‌నెట్ రాయి చుట్టి తిరిగొచ్చే రేసులో 303 పడవలు బయల్దేరాయి. దారిలో తుపాను పట్టుకుంది. 15 మంది పోటీదారులు చనిపోయారు. 24 పడవలను సిబ్బంది వదిలేసి పోయారు. వాటిలో మునిగినవి ఐదే, మిగతా 19 తర్వాత తేలుతూ దొరికాయి. అతి చిన్న పడవల తరగతిలో 58 బయల్దేరితే రేసు పూర్తి చేసింది ఒక్కటి, అసెంట్ అనే కాంటెస్సా 32. సన్నని నడుము, లోతైన కీల్ ఉన్న ఆ రకం పడవ 150 డిగ్రీలు దాటి, అంటే తెరచాప స్తంభం దాదాపు నేరుగా సముద్రపు అడుగు వైపు చూస్తున్నా, మళ్లీ పైకి రాగలదు. ఆనాటి తేలిక రేసింగ్ పడవలు కొన్ని 120 డిగ్రీల దగ్గరే చేతులెత్తేసేవి.

ఆ విషాదం తర్వాత సౌతాంప్టన్‌లో నమూనా పడవలను నీటితొట్టెలో పెట్టి పరీక్షలు జరిపారు. పక్కనుంచి విరిగిపడే అల ఎత్తు పడవ పొడవులో 30 శాతం ఉంటే చాలు, కొన్ని రకాలు బోల్తా పడ్డాయి. 60 శాతం ఉంటే పరీక్షించినవన్నీ పడ్డాయి. 32 అడుగుల పడవకు ఇది మూడు మీటర్ల నుంచి ఆరు మీటర్ల అల. మహాసముద్రంలో ఆరు మీటర్ల అల వింతేమీ కాదు. అది ఎప్పుడు, ఎక్కడ విరుగుతుందన్నదే చావుబతుకుల తేడా.

అమెరికాలో అప్పుడే ఒక చిన్న సూత్రం పుట్టింది. ఇప్పటికీ పాత పడవలు కొనేవాళ్లు దాన్ని జపిస్తుంటారు. పౌండ్లలో పడవ బరువును 64తో భాగించి ఘనమూలం తీయాలి. అడుగుల్లో వెడల్పును దాంతో భాగిస్తే వచ్చేది 2 కన్నా తక్కువుండాలి. ఈ 64 ఎక్కడిదంటే, ఒక ఘనపుటడుగు సముద్రపు నీటి బరువు 64 పౌండ్లు. పడవ పక్కకు నెట్టిన నీటినంతా ఒకే ఘనంగా నిలబెడితే దాని భుజం ఎంతో ఘనమూలం చెబుతుంది. పడవ వెడల్పు ఆ భుజానికి రెండింతలు మించకూడదన్నదే సూత్రం సారం. వెస్ట్‌సెయిల్ 32 బరువు 19,500 పౌండ్లు, ఆ నీటి ఘనం భుజం 6.7 అడుగులు, పడవ వెడల్పు 11 అడుగులు, ఫలితం 1.63. రస్లర్ 36కు 1.72, కాంటెస్సా 32కు 1.79, కేప్ జార్జ్‌కు 1.47.

వెడల్పు ఎందుకు ప్రమాదమంటే, వెడల్పాటి పడవ నిటారుగా ఉన్నప్పుడే కాదు, తలకిందులైనప్పుడూ నిలకడగానే ఉంటుంది. సూత్రం దీన్ని సరిగ్గానే పట్టుకుంది. కానీ బరువు ఎక్కడుందో దానికి తెలియదు. ఒక టన్ను సీసం తీసుకెళ్లి స్తంభం చివరన కట్టినా సూత్రం ప్రకారం పడవ ఇంకా సురక్షితమైపోతుంది. ఎందుకంటే దానికి కావలసింది మొత్తం బరువొక్కటే. నిజానికి ఆ పడవ రేవులోనే పడిపోతుంది. పాత పడవల మీద ఏళ్ల తరబడి ఇలాంటిదే చిన్న ఎత్తున జరుగుతూ ఉంటుంది. రాడార్, ఎత్తైన ఫ్రేము మీద సౌరఫలకాలు, డెక్ మీద వరుసగా డీజిల్ డబ్బాలు, చుట్టలు చుట్టిన బరువైన తెరచాపలు వచ్చి చేరతాయి. డిజైనర్ గీసిన కోణం ఇప్పుడా పడవకు ఉండదు. అందుకే అమ్మకందారు చూపించే సంఖ్యను చూడటంతో ఊరుకోకుండా, కట్టినప్పటి నుంచి పైన ఏమేమి చేర్చారో చూడాలి.

బరువైన పాత పడవల మీద ప్రేమ ఊరికే పుట్టలేదు. 1991 అక్టోబర్ చివర్లో అట్లాంటిక్‌లో చెలరేగిన పెనుతుపానులో సటోరి అనే వెస్ట్‌సెయిల్ 32 నుంచి ముగ్గుర్ని అమెరికా కోస్ట్‌గార్డ్ బయటికి తీసింది. ఖాళీ పడవ తనంతట తాను కొట్టుకుపోయి మేరీలాండ్ తీరంలో అసటీగ్ దీవి ఇసుకలో పెద్దగా దెబ్బ తినకుండా దొరికింది. నాక్స్-జాన్‌స్టన్ పడవ సుహైలీకీ దీనికీ చుట్టరికం ఉంది. రెండూ విలియం ఆట్కిన్ గీసిన ఎరిక్ అనే డిజైన్‌లోంచి వచ్చినవే. ఆ ఎరిక్‌కు మూలం నార్వేలో కోలిన్ ఆర్చర్ రూపొందించిన రక్షక పడవలు. సుహైలీని 1960ల మొదట్లో బొంబాయిలో మన టేకుతో కట్టారు.

అదే సుహైలీకి నకలుగా గోవాలో కట్టిన తురియాలో అభిలాష్ టోమీ 2018 రేసుకు వెళ్లారు. సెప్టెంబర్‌లో దక్షిణ హిందూ మహాసముద్రంలో 70 నాట్ల గాలిలో, 14 మీటర్ల అలల మధ్య ఆ పడవ బోల్తా పడి లేచింది. స్తంభం విరిగిపోయింది, ఆయన వెన్నెముకకు తీవ్రంగా గాయమైంది. మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన ఒసిరిస్ అనే గస్తీ నౌక వచ్చి కాపాడింది. పొడవైన కీల్, భారీ బరువు, అన్నీ ఉన్న పడవే అది. తన పొడవును మించిన అలల ముందు ఏ డిజైనూ హామీ ఇవ్వలేదు. పడవ తిరిగి లేచింది, డొప్ప పగలలేదు, అందువల్లే ఆయన బతికారు. మంచి డిజైన్ నుంచి ఆశించదగినది అంతవరకే. అది తక్కువేమీ కాదు.

ఇక 2022 నవంబర్‌లో ఆస్టీరియా. 1960ల నాటి డిజైన్, నడిపిన ఫిన్లండ్ నావికుడు తాపియో లెహ్తినెన్ అంతకుముందు రేసులో ఇదే పడవతో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. దక్షిణాఫ్రికాకు ఆగ్నేయంగా సుమారు 450 మైళ్ల దూరంలో అది వెనకవైపు నుంచి నీళ్లు నిండి ఐదు నిమిషాల్లో మునిగింది. మిన్నెహాహా దారి మళ్లింది ఈయన కోసమే.

డిజైన్ పడవ ఎలా నడుస్తుందో చెబుతుంది. నిలుస్తుందా లేదా అన్నది మాత్రం మీ ముందున్న ఆ ఒక్క పడవ మీదుగా గడిచిన నలభై ఏళ్లలో ఉంది. కొనేవాళ్లు మొదటిదాని మీద నెలల తరబడి వాదించుకుని, రెండోదానికి ఒక మధ్యాహ్నం ఇస్తారు. అది తలకిందులు కావాలి.

ఈ పడవల్లో ఎక్కువ భాగం ఫైబర్‌గ్లాస్‌వి. విశాఖ, కాకినాడ తీరాల్లో మన మత్స్యకారులు వేటకు తీసుకెళ్లే ఫైబర్ బోట్లదీ ఇదే పదార్థం: గాజుపోగుల బట్ట, దాన్ని తడిపి గట్టిపడే రెజిన్. 1960ల్లో ఈ పదార్థం కొత్త. ఎంత మందం సరిపోతుందో ఎవరికీ గట్టిగా తెలియదు కాబట్టి చాలామంది దండిగా పోశారు. అందుకే ఆనాటి డొప్పలు ఇంకా బతికి ఉన్నాయి. కుళ్లదు, తుప్పు పట్టదు అన్న పేరూ దానికి వచ్చింది. ఆ పేరులో కొంత పొరపాటుంది.

పడవ బయటివైపు మెరిసే పల్చని పూత నీటిని పూర్తిగా ఆపలేదు. నీటి అణువులు చాలా నెమ్మదిగా దానిలోంచి లోపలికి చేరతాయి. లోపల సరిగ్గా గట్టిపడని రెజిన్ భాగాలు ఆ నీటిలో కరిగి చిక్కటి ద్రావణంగా మారతాయి. బయట పల్చటి సముద్రపు నీరు, లోపల చిక్కటి ద్రావణం, మధ్యలో పొర. బడిలో చదువుకున్న ద్రవాభిసరణం ఇక్కడ జరుగుతుంది. నీరు ఇంకా ఇంకా లోపలికి వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, పూత కింద బొబ్బలు లేస్తాయి. పొడిస్తే వెనిగర్ వాసనతో జిడ్డుగా ద్రవం కారుతుంది.

దీనికి చరిత్రలో నిలిచిన ఉదాహరణ పైన చెప్పిన వాలియంట్ 40. దాన్ని మొదట కట్టింది అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యూనిఫ్లైట్ కంపెనీ. వియత్నాం యుద్ధంలో అమెరికా నౌకాదళానికి నదుల్లో గస్తీ తిరిగే పడవలు చేసిచ్చింది కూడా అదే. 1970ల చివర్లో మంటలను తట్టుకునే ప్రత్యేక రెజిన్‌తో కట్టిన వాలియంట్‌లకు తర్వాత ఒళ్లంతా బొబ్బలు లేచాయి, నీటిగీతకు పైన కూడా. నిప్పు నుంచి కాపాడాలని తీసుకున్న జాగ్రత్తే నీటికి లొంగిపోయింది. అయినా ఆ బొబ్బల వాలియంట్‌లు సముద్రాలు దాటుతూనే ఉన్నాయి. బొబ్బలు చాలావరకు చూడటానికి భయంకరం, ధర తగ్గించడానికి మంచి ఆధారం. పడవను ముంచే జబ్బుల్లో అవి వెనక వరుసలో ఉంటాయి. బొబ్బలు చూసి పారిపోయి, పైకి నున్నగా ఉన్న ఇంకో పడవను డెక్ తట్టి చూడకుండా కొనడం నా దృష్టిలో పెద్ద తప్పు.

డెక్ ఎందుకు తట్టాలంటే, బరువు తగ్గించడానికి దాన్ని సాధారణంగా రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి చేస్తారు. పైన బిగించిన ప్రతి కొక్కెం, ప్రతి రెయిలింగ్ కాలు ఆ చెక్కలోకి ఒక రంధ్రం. సీలెంట్ ఎండి పగిలిన రోజు నుంచి వాన నీరు లోపలికి దిగి చెక్కను నానబెడుతుంది. సర్వేయర్ ప్లాస్టిక్ సుత్తి పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతాడు. సంతలో కుండను కొట్టి చూసినట్టే ఇది. మంచిచోట శబ్దం గట్టిగా, పొడిగా వస్తుంది, కుళ్లినచోట మొద్దుగా మూగబోతుంది. అలా మూగబోయిన మేర చాక్‌పీసుతో గీతలు గీస్తే కొన్ని పాత పడవల డెక్ మీద పటం గీసినట్టవుతుంది. 1970, 80ల్లో తైవాన్‌లో కట్టిన పడవల మీద అందమైన టేకు పలకలు పరిచి వందల మరలతో బిగించారు. ఒక్కో మర ఒక్కో నీటిదారి. తయానా 37 లాంటి మంచి డిజైన్లను కూడా ఈ ఒక్క కారణంతో జాగ్రత్తగా చూడాలి.

నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది మాత్రం చెయిన్‌ప్లేట్ల గురించి. స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు డెక్ అంచుకు వచ్చి ఆగేచోట, స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు డెక్‌లోంచి దూరి కిందికి దిగి డొప్పకు బోల్టులతో బిగిసి ఉంటాయి. గాలి మోపే భారమంతా టన్నుల లెక్కన వీటి గుండా పడవకు చేరుతుంది. డెక్ పైన కనిపించే కొన అద్దంలా మెరుస్తుంది. కింద గదిలో కనిపించే భాగమూ శుభ్రంగానే ఉంటుంది. మధ్యలో, డెక్ మందంలో దాగిన అంగుళం, రెండంగుళాలు ఎవరికీ కనబడవు. అక్కడే తెగుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం అందులోని క్రోమియం. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అది ఉపరితలం మీద కంటికి కనబడని ఆక్సైడ్ పొర ఏర్పరుస్తుంది. గీత పడితే ఆ పొర మళ్లీ తనే పూడుతుంది. దానికి ఆక్సిజన్ అందుతూ ఉండాలి, అంతే. ఎండిన సీలెంట్ కింద ఉప్పునీరు చేరి కదలకుండా నిలిచిపోతే ఆ ఇరుకులో ఆక్సిజన్ అయిపోతుంది, ఉప్పులోని క్లోరైడ్ గాఢత పెరుగుతుంది, నీరు ఆమ్లమవుతుంది. పొర విరుగుతుంది, ఇక పూడదు. అలాంటి పట్టీని ఊడదీసి చూస్తే రెండు కొసలూ కొత్తగా ఉంటాయి. మధ్యలో మాత్రం టీ డికాక్షన్ రంగు మరక, దానిలో సూదిమొనంత గుంటలు, బోల్టు రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత పగులు. భూతద్దం పెట్టి చూస్తే ఆ పగులు లోహంలో సగం దాకా పోయి ఉండొచ్చు. కింది గదిలో పట్టీ పక్కన చెక్కమీద గోధుమరంగు చార కనబడితే దాన్ని హెచ్చరికగా తీసుకోండి. తీగలను పదేళ్లకో పదిహేనేళ్లకో మార్చేవాళ్లు కూడా ఈ పట్టీలను పడవ పుట్టినప్పటి నుంచి ఊడదీయకపోవడం మామూలు, ఎందుకంటే అవి అల్మారాల వెనక, ఫర్నిచర్ కింద ఇరుక్కుని ఉంటాయి. పడవ యజమానిని నేను అడిగే మొదటి ప్రశ్న: వీటిని చివరిసారి బయటికి తీసింది ఎప్పుడు?

ఇదే తుప్పు కీల్ బోల్టులకూ పడుతుంది. కీల్ రెండు రకాలు. పాత పొడవు కీల్‌లలో చాలావరకు సీసమో ఇనుమో డొప్ప లోపలే పోసి ఫైబర్‌గ్లాస్‌తో కప్పేశారు, బోల్టులే లేవు. రాయిని తాకి ఆ కప్పు పగిలి లోపలి ఇనుముకు నీరు తగిలితే అది తుప్పుతో ఉబ్బుతుంది. కానీ కీల్ ఊడి పడిపోవడం ఉండదు. బోల్టులతో బిగించిన లోతైన కీల్ పడవను చురుగ్గా నడిపిస్తుంది, అయితే ఆ అతుకును గుడ్డిగా నమ్మకూడదు. 2014 మేలో అట్లాంటిక్ మధ్యలో చీకి రఫీకి అనే పడవ కీల్ ఊడిపోయి తలకిందులైంది. నలుగురు బ్రిటిష్ నావికులు మళ్లీ కనబడలేదు. బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ అంతకుముందు ఆ పడవ నేలను తాకిన సంఘటనలనూ తర్వాతి మరమ్మతులనూ కారణాల జాబితాలో చేర్చింది. పాత పడవ లాగ్‌బుక్‌లో ఎక్కడైనా నేల తగిలిందని రాసి ఉంటే, కీల్ చుట్టూ లోపలివైపు పగుళ్ల కోసం గంట సేపు వెతకడం దండగ కాదు.

చుక్కాని విషయంలో పొడవు కీల్ వాళ్ల వాదన నాకు బలంగా అనిపిస్తుంది. కీల్ వెనక దాక్కున్న చుక్కానికి కొట్టుకొచ్చే దుంగలు, చేపల వలలు నేరుగా తగలవు. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో ఓర్కా తిమింగిలాలు తెరచాప పడవల చుక్కానులను పట్టి విరుస్తున్నాయి, కొన్ని పడవలు మునిగాయి కూడా. ఏ ఆధారమూ లేకుండా కిందికి వేలాడే చుక్కానులు వాటి ముందు తేలిగ్గా విరుగుతాయి. కొత్త పడవలకూ స్టీరింగ్ కష్టాలు తప్పవు. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరిన ఐఎన్ఎస్‌వీ తారిణి అప్పటికి నిండా ఏడాది కూడా లేని పడవ. విశాఖ అమ్మాయి లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి లెఫ్టినెంట్ ఐశ్వర్య బొడ్డపాటి సహా ఆరుగురు మహిళా అధికారులు దానిలో భూగోళాన్ని చుట్టారు. తిరుగు దారిలో స్టీరింగ్ లోపంతో అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. అక్కడ బాగుచేయించుకుని 2018 మే 21న గోవా చేరారు.

చెక్క పడవల గురించి ఒక మాట. సుహైలీని కొన్నాళ్లు గ్రీనిచ్‌లోని మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. అక్కడి పొడి గాలికి పలకలు కుంచించుకుపోతుంటే 2002లో నాక్స్-జాన్‌స్టన్ స్వయంగా దాన్ని బయటికి తెచ్చి మరమ్మతుకు పూనుకున్నారు. చెక్క పడవకు నీరు కావాలి, ఏటా పని కావాలి, పనితెలిసిన చేతులు కావాలి. 1968 ప్రయాణంలో కీల్ దగ్గర అతుకు కారుతుంటే ఆయన నడిసముద్రంలో పడవ కిందికి ఈది వెళ్లి దూది కుక్కి, పైన రాగి రేకు కొట్టి వచ్చారు. అలా చేయగలిగినవాళ్లకే చెక్క పడవ.

ఇంజను, తెరచాపలు, పరుపులు, ఎలక్ట్రానిక్స్ గురించి ఎక్కువ చెప్పను. అవి కంటికి కనిపిస్తాయి, విడిగా మార్చుకోవచ్చు. అమ్మేవాళ్లు కొత్త రంగూ కొత్త తెరలూ చూపించి ధర పెంచేది వాటి మీదే. మురికిగా ఉన్న పడవలో చెయిన్‌ప్లేట్లు కొత్తవైతే దాన్నే తీసుకోవాలి.

రస్లర్, కేప్ జార్జ్, కాంటెస్సా, వెస్ట్‌సెయిల్ వరుసగా నిలబెట్టి నన్నే ఎంచుకోమంటే, కాగితం మీద కేప్ జార్జ్ వైపు మొగ్గుతాను. నీటిగీత పొడవు, లోపల చోటు, స్థిరత్వం మూడూ దానిలో కలిసొచ్చాయి. ఇద్దరు తప్ప మూడోవాళ్లు లేని, తక్కువ డబ్బున్న ప్రయాణానికి కాంటెస్సా చాలు. కానీ ఆ నాలుగింటిలో ఏ ఒక్కదానికైనా గత పదేళ్లలో తీగలు, పట్టీలు, చుక్కాని ఇరుసు ఊడదీసి చూసినట్టు రసీదులుంటే, నా మొగ్గు అటే మారిపోతుంది. కొన్న ధరకు సమానంగా మరమ్మతుకు డబ్బు పక్కన పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెప్పే మాట ఈ వయసు పడవల విషయంలో అతిశయోక్తి కాదు.

ఆ డబ్బు ఖర్చయ్యే వరుస ముందే రాసిపెట్టుకోవడం మేలు. మొదట నీటిగీత కింద డొప్పలోంచి బయటికి వెళ్లే గొట్టాల కవాటాలు. మామూలు ఇత్తడివైతే సముద్రపు నీరు వాటిలోని జింకును తినేసి, గులాబీ రంగు గుల్లను మిగులుస్తుంది. సుత్తితో చిన్నగా తట్టినా విరిగి పిడికిలంత రంధ్రం తెరుచుకుంటుంది. వాటిని కంచువి పెట్టించాలి. తర్వాత చెయిన్‌ప్లేట్లు, తీగలు. ఆ తర్వాత చుక్కాని, దాని ఇరుసు, కీల్ అతుకు. ఆపైన డెక్‌లో నానిన చెక్క. సౌరఫలకాలు, ఫ్రిజ్, మంచినీటి యంత్రం వీటన్నిటి తర్వాత. మొదటి ఏడాది అవి కొనకపోయినా సముద్రం దాటొచ్చు.